ఇంకో ముప్పై ఫీట్లు

మా మామూ జహాంగీర్‌ను ఖతర్‌లో ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే ఖానాపూర్ అని చెప్పడు. "మజ్రా" అంటాడు. మజ్రా అంటే ఇక్కడివాళ్ళ మాటలో పొలం. మదీనత్ అల్ షమాల్ దాటి సముద్రం వైపు పోయి, తారు రోడ్డు వదిలేశాక నాలుగు కిలోమీటర్లు గులకరాళ్ళ దారి. ఆ దారి చివర పచ్చగా కనిపించిందంతా మా అమ్మ తమ్ముడి చేతి పనే. మేనల్లుణ్ణి కదా, గొప్పలు చెబుతున్నానని అనుకోకండి. ఆ మనిషి మీద నాకు చచ్చేంత కోపం ఉంది. నా మీద నాకు అంతకంటే ఎక్కువ ఉంది.

మా అమ్మ వైపు వాళ్ళది బీడు కనిపిస్తే ఊరుకోలేని వంశం. మామూ తాత దస్తగీర్ నిజాం కాలంలో ఖానాపూర్ పక్కన అడవి అంచున చెట్లు కొట్టి, మొద్దులు కాల్చి, గడ్డపారతో రాళ్ళు పెకిలించి ఆరెకరాలు చేశాడట. పన్నెండు గజాల బావి కూడా ఆయన తవ్విందే. ఆయన కొడుకు కాలానికి అది ఎండితే ఇంకో ఆరు గజాలు దించారు. మామూ చేతికొచ్చేసరికి అదీ ఎండింది. అప్పుడు బోర్లు మొదలుపెట్టాడు. ఒకటా రెండా, ఏడు! ఆరింటిలో దుమ్ము తప్ప ఏం లేవలేదు. ఏడోది మూడు వందల ఫీట్ల దగ్గర ఆపేద్దామని రిగ్గువాడు అంటే, మామూ రిగ్గుకు అడ్డం నిలబడి "ఇంకో ముప్పై ఫీట్లు" అన్నాడట. సరిగ్గా ఆ ముప్పై ఫీట్లలో నీళ్ళు లేచాయి. ఊరు ఊరంతా వచ్చి తడిసింది. రెండేళ్ళకు ఆ బోరూ పోయింది, వెనకాలే పొలమూ పోయింది. మామూకు మాత్రం ఆ ముప్పై ఫీట్లు మనసులో పాతుకుపోయాయి. ఎక్కడైనా నీళ్ళు లేవంటే, ఇంకా కిందికి పోలేదనే ఆయన అనుకుంటాడు.

తొంభై నాలుగులో ఇక్కడికొచ్చాడు. ఊళ్ళో అందరూ "జహాంగీర్ దుబాయ్ పోయిండు" అన్నారు. ఇప్పటికీ అదే అంటారు, ఎన్నిసార్లు చెప్పినా వినరు. అబూ ఫహద్ అనే ముసలాయన ఈ నేల యజమాని. ఒక రేకుల గది, ఒక పార, రాతిలో తవ్విన ఒక పాత బావి చూపించి వెళ్ళిపోయాడట. మొదటి ఏడాదంతా మామూ రాళ్ళే ఏరాడు. వాన నీళ్ళు నిలిచే పల్లాల నుంచి మట్టి తోలించాడు. సముద్రపు గాలికి అడ్డంగా చెట్లు పెంచి, వాటి వెనక ఖర్జూరం పిలకలు నాటాడు. ఆ తర్వాత టమాటా, బెండ, కీర, ఒక మూల మన అనుములు. చలికాలం వస్తే అల్ వుకైర్ వైపు ఉండే మనవాళ్ళు పచ్చి అనుపకాయ కోసం శుక్రవారం పొద్దున్నే కార్లేసుకుని దిగేవాళ్ళు.

అబూ ఫహద్ పోయే ముందు మామూ చెయ్యి పట్టుకుని, "ఈ నేలలో నీళ్ళున్నన్నాళ్ళు నువ్వు ఇక్కడే" అన్నాడు. మామూకు అది కాగితం కంటే గట్టి మాట. మా అత్త నస్రీన్ చనిపోయి పదేళ్ళయింది. కూతురు శిఫా నిజామాబాద్‌లో కాపురం చేసుకుంటోంది. "ఆడికి పోయి ఏం జూసుకోవాలెరా? నేను జేసింది ఒక్కటన్న ఉన్నదా ఆడ? నా కట్టం మొత్తం ఈడనే ఉంది" అనేవాడు. అరవై నాలుగేళ్ళ మనిషికి ఉన్న కోరిక ఒక్కటే, ఆ మజ్రాలోనే ఉండిపోవడం.

మొన్న సెప్టెంబరులో అబూ ఫహద్ కొడుకు ఫహద్ వచ్చాడు. చిన్నప్పుడు మామూ భుజాలెక్కి తిరిగినవాడే, ఇప్పుడు ముప్పై అయిదేళ్ళుంటాయి. బావిలో నీళ్ళు తగ్గాయి, రెండేళ్ళుగా పంట సగానికి పడింది. "ఈ చలికాలం కూడా ఇట్లాగే ఉంటే మజ్రా మూసేస్తాను, ఇక్కడ గెస్ట్‌హౌస్ కడతాను" అని చెప్పి, మూడు నెలలు పని మీద లండన్ వెళ్ళిపోయాడు. ఆయన కారు దుమ్ము అణగకముందే మామూ నాకు ఫోన్ చేశాడు.

నేను అల్ ముంతజాలో పంపులు, మోటార్లు అమ్మే షాపులో పని చేస్తాను. మా మేనేజరును అందరం ముదీర్ అంటాం. రిగ్గువాళ్ళు నాకు తెలుసు. మామూకు కావలసిందీ అదే.

"ఉబైద్, బావిల బోరు దించాలె. ఇంకో ముప్పై ఫీట్లు, అంతే."

"మామూ, ఇది ఖానాపూర్ గాదు. మా షాపు ముదీర్ వంద సార్లు జెప్పిండు. ఈడ తియ్యటి నీళ్ళు పాల మీద మీగడ లెక్క పైనుంటయ్. కిందంత ఉప్పే. లోపలికి పోతే మొత్తానికి మోసం."

"మీ ముదీర్ పంపులమ్ముతడు. ఒక్క బెండ చెట్టన్న పెంచిండా?"

"పర్మిషన్ లేకుండ బావి ముట్టుకుంటే నన్ను లోపలేస్తరు. నా పెండ్లాం పిల్లలు రోడ్డు మీద పడ్తరు."

"సరేలే. నీకు భయమైతే వద్దు" అని ఫోన్ పెట్టేశాడు.

అక్కడితో ఆగితే ఆయన జహాంగీర్ ఎందుకవుతాడు? వారం రోజులు నా ప్రాణం తోడేశాడు. డ్యూటీలో ఉంటే ఫోన్, నమాజుకు పోతే ఫోన్. చివరికి తనే టాక్సీ కట్టించుకుని షాపుకొచ్చాడు. నా వీసా ఆయన తెప్పించింది. నేను ఇక్కడ దిగిన మొదటి ఏడాది ఆయన వండిపెట్టిందే తిన్నాను. ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తనివాడు, ఆ రోజూ ఎత్తలేదు. "మెహర్బానీ చెయ్ బేటా" అన్నాడు, అంతే. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. తెలిసి తెలిసి ఒప్పుకున్నాను, నా బుద్ధి గడ్డి తిన్నది.

అక్టోబరు చివరి శుక్రవారం, నమాజు అయ్యాక రిగ్గు దింపారు. సాయంత్రం అయిదింటికి నీళ్ళు లేచాయి. ఎంత నీళ్ళు! పైపు మూతి పట్టుకోవడానికి ఇద్దరు సరిపోలేదు. మామూ చెప్పులు విడిచి ఆ బురదలో నిలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు.

మా వంశంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త నీళ్ళు పడితే ఇంటి పెద్ద మొదటి దోసెడు తాగి, మిగిలిన బిందెలో బెల్లం కలిపి, ఫాతెహా ఇచ్చి అందరికీ పంచుతాడు. దస్తగీర్ తాత తన బావికి అదే చేశాడు. నా భార్య అజ్రా ఆ పని కోసమే బెల్లం కట్టుకొచ్చింది. మామూ దోసెడు పట్టి తాగాడు. తాగి, మాకు వీపు తిప్పి కాసేపు అలాగే నిలబడ్డాడు. దువా చేసుకుంటున్నాడని అనుకున్నాం. తర్వాత బెల్లం అజ్రా చేతిలోంచి తీసుకుని తనే బిందెలో వేయడం మొదలుపెట్టాడు.

"అయ్యో మామూ, గంతనా? అందరికీ షుగర్ బీమారి పట్టిస్తవా ఏంది!" అంది అజ్రా నవ్వుతూ.

"కొత్త నీళ్ళు బేటీ. తీపి గట్టిగుండాలె" అన్నాడు.

తెచ్చిన బెల్లమంతా వేశాడు. రిగ్గువాళ్ళతో సహా అందరం తాగాం. పాకంలా ఉందని ఒకరినొకరం ఆటపట్టించుకున్నాం. నేను రెండో గ్లాసు కూడా అడిగి తాగాను.

నవంబరు చివరికి టమాటా ఆకుల అంచులు మాడాయి. ఎండకేమో అనుకుందామంటే చలికాలం మొదలైంది. బెండ పూత రాలిపోయింది. సన్న పైపుల రంధ్రాల చుట్టూ తెల్లగా పేరుకుంది. మామూ ఫోన్లు తగ్గాయి, నేను చేస్తే "అంతా ఖైరియత్" అని పెట్టేసేవాడు. నాకు అనుమానం వచ్చి, షాపులో నీళ్ళలో ఉప్పు చూసే మీటరు తీసుకుని వెళ్ళాను. ముంచి చూస్తే అంతా ఉప్పే. ఆ నీళ్ళను ఖర్జూరం చెట్టు కూడా ఎన్నాళ్ళో తట్టుకోలేదు.

"ఎప్పటిసంది ఇట్లున్నయ్ మామూ?"

ఆయన మాడిన మొక్క ఒకటి పీకి, వేర్లకంటిన మట్టి దులుపుతూ కూర్చున్నాడు.

"మొదటి దినమే తెలిసింది. మొదటి దోసెట్లనే ఉప్పు తగిలింది."

"తెలిసి పంచినవా? తెలిసి గిన్ని బెల్లం కలిపినవా?"

"మనూరి బోరు గుడ మొదలు బురద కక్కింది గదరా. నాలుగు దినాలు తోడితే తేరింది. ఇది గుడ తేరుతదనుకున్న. ఒక్క దినం బంద్ జెయ్యకుండ తోడిన."

ఒళ్ళు మండిపోయింది నాకు. తోడినకొద్దీ కిందున్న ఉప్పు పైకి వస్తుంది, అది ఆయనకు తెలియదు. ముప్పై ఏళ్ళు సాకిన నేలకు నెల రోజులు ఉప్పు నీళ్ళు తాగించాడు. నోటికొచ్చినట్టు తిట్టాను. ముసలోడా అన్నాను, ఖానాపూర్ నేల మింగింది చాలలేదా అన్నాను. ఆయన పోయి మోటారు ఆపేసి వచ్చాడు.

డిసెంబరు రెండో వారంలో ఫహద్ వచ్చాడు. నేను కూడా అక్కడే ఉన్నాను, మామూ ఒక్కడే నిలబడతాడని వెళ్ళాను. ఫహద్ మాడిన మడుల మధ్య అంతా తిరిగాడు. వాళ్ళ నాన్న కాలంలో నాటిన ఖర్జూరాల కింద చాలాసేపు నిలబడ్డాడు. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆయన వచ్చి మామూ భుజం మీద చెయ్యి వేశాడు.

"మాఫీ ముష్కిల్, ఏం ఫరవాలేదు జహాంగీర్. సముద్రం లోపలికొస్తోంది. చుట్టుపక్కల బావులన్నీ ఉప్పవుతున్నాయి, నువ్వేం చేస్తావు? పంట పోతే పోయింది. నువ్వు ఇక్కడే ఉండు, ఈ చెట్లను చూసుకుంటూ. మా నాన్న మాట అది."

నా ప్రాణం లేచొచ్చింది. మామూ కోరుకున్నది ఇదే కదా, ఇక నోరు మూసుకుంటే చాలు. అల్లా, ఈయన నోరు మూయించు అని మనసులో మొక్కాను.

"సముద్రం కాదు" అన్నాడు మామూ అరబ్బీలో. "నేను. నీకు చెప్పకుండా బోరు దించాను. ఉప్పని తెలిసి కూడా తోడాను. మీ నాన్న బావిని నేనే చంపాను."

ఫహద్ భుజం మీది చెయ్యి తీసేశాడు. "రిగ్గు ఎవరు తెచ్చారు?" అని అడిగి నా వైపు చూశాడు. నా చొక్కా జేబు మీద షాపు పేరు ఉంది, పంపు బొమ్మతో సహా.

"రోడ్డున పోయేవాళ్ళు. పేర్లు నాకు తెలియవు" అన్నాడు మామూ. వెంటనే నా వైపు తిరిగి, "ఉబైద్, చాయ్ పెట్టుపో" అన్నాడు.

నేను నోరు తెరవాలి. తెరవలేదు. కుక్కలా తలొంచుకుని పోయి చాయ్ పెట్టాను. కంగారులో తాగే ట్యాంకర్ నీళ్ళ డబ్బా మరిచిపోయి, అలవాటుగా నల్లా తిప్పాను. అవి బావి నీళ్ళేనని కాగినాక తెలిసింది. మళ్ళీ పెట్టే ధైర్యం లేక చక్కెర గుమ్మరించి పట్టుకెళ్ళాను. ఫహద్ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. మామూ మాత్రం అడుగుదాకా తాగాడు.

జనవరిలో మామూను పంపించేశారు. ఆయన విమానం ఎక్కాక ఫహద్ మనుషులు వచ్చి బావి నోట్లో కాంక్రీటు పోశారు, ఇప్పుడు దాని మీద గెస్ట్‌హౌస్ గోడ లేస్తోంది. నా ఉద్యోగం నాకు ఉంది. మామూ శిఫా ఇంట్లో ఒక గదిలో ఉంటున్నాడు. ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు. నన్ను ఒక్క మాట అనడు, అన్నా బాగుండేది. అడిగేది ఒకటే.

"ఉబైద్, నీళ్ళు తేరినయారా?"

"తేరుతున్నయ్ మామూ" అంటాను.

"బంద్ జెయ్యొద్దని చెప్పు. ఇంకో నాలుగు దినాలు తోడమను" అంటాడు.