మట్టి మెత్తిన కిటికీ

కాఫీ పళ్ళు ఆరబోసిన కళ్ళంలో నా చెల్లెలు అసిరి కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది, చుట్టూ మంచు ఎంత దట్టంగా ఉందంటే ఆ పళ్ళ ఎరుపు తప్ప మరేమీ కనిపించడం లేదు, ఆమె చనిపోయి ఇరవై రెండేళ్ళయిందని నాకు తెలుసు, అయినా నా బెంగంతా ఆమె భుజాల మీద శాలువా లేదే అని.

"సలి సోకుద్దే, లేచి లోపలికి రా."

"సచ్చినోళ్ళకి సలేటప్పా?" అని నవ్వుతోంది. "నీ బెంగ ఇంకా తగ్గలేదేటి?"

నేను పక్కన కూర్చుంటాను. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం నా చేతిలో ఉంది. పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని, ఒక్కో మాట మీద వేలు పెట్టి వినిపిస్తున్నాను. చలికాలం పగలు చిన్నది, మా మన్యంలో ఆ కాస్త పొద్దునూ మంచు సగం తినేస్తుంది, కంటికి వెలుగు చాలకపోతే కొందరికి ఒంటిలోని గడియారం వెనకబడుతుంది, నిద్ర తెచ్చే మెలటోనిన్ తెల్లారినా వదలదు, మనసును తేలికగా ఉంచే సెరొటోనిన్ తగ్గుతుంది, ఇంకా అంతా తేలలేదు గానీ కొన్ని కుటుంబాల్లో అది తల్లి నుంచి బిడ్డకూ వస్తుందట.

"డాక్టరమ్మవైపోనావే! అయితే నాది పనిదొంగతనం కాదన్నమాట."

నేను తలెత్తలేను. ఏటా కార్తీకంలో, సరిగ్గా పళ్ళు కోతకొచ్చే వేళకే ఆమె మంచమెక్కేది, ఎంత నిద్రపోయినా చాలేది కాదు, ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు, ఎండలు ముదిరేసరికి అందరికంటే ముందు లేచి పనిలోకి దిగేది. ఆ పనిదొంగ అన్న పేరు పెట్టింది నేనే.

"తిట్ల గురించి రాసినారా అందులో?"

"రాసినారే. నాను పనికిరాను అనుకున్న మనిషి నలుగురికీ దూరమవుద్దంట. దూరమయ్యేకొద్దీ ఆ మాటే నిజమనిపిస్తాదంట. మళ్ళీ సలికాలం వస్తందంటే ముందే గుండె జారిపోద్దంట."

"సూడు, నాను సెప్పలేకపోయింది ఎవులో రాసీసినారు," అంటుంది, ఆ మాటతో ఆమె ముఖం తేటపడుతుంది, కళ్ళం మెల్లగా కదులుతుంది, పళ్ళన్నీ ఒక వైపుకి దొర్లిపోతాయి, మేము నర్సీపట్నం బస్సులో ఉన్నాం.

ఎండ ఎటు పడితే అటు సీటు మారుతోంది అసిరి. బస్సు మలుపు తిరిగితే మళ్ళీ ఇటు.

"ఆ రోజు మా ఆయన నన్నూ పిల్లనీ ఊరి నుంచి తీసుకెళ్ళిపోతంటే, బస్సు కాడికి రాలేదు నువ్వు."

"కోపమొచ్చి రాలేదే. కోతల్లో వదిలీసి పోతన్నావని. ఆ ఏసవికే జొరమొచ్చి పోనావు."

"ఇప్పుడొచ్చినావు కదా. టిక్కెట్టు కూడా తీసీసినావు."

చూసుకుంటే నిజమే, కాగితం ఉన్న చేతిలో టిక్కెట్టు ఉంది. నాకు నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది, రెండూ ఆగకముందే చెప్పాల్సింది చెప్పేయాలని తొందర.

"అదొక్కటే కాదే అసిరీ. నీ గది కిటికీలో గోనె కుక్కి, మట్టి మెత్తింది నానే. ఏటేటా, రెండు వేళ్ళ మందాన."

మా ఊళ్ళో ఒంట్లో బాగోలేని వాళ్ళ గదికి అలాగే చేస్తాం, చలి దూరకూడదని. ప్రేమతోనే మెత్తాను. ఆమెకు కావలసిన వెలుగునే మూసేశానని ఆ కాగితం చదివాక గాని నాకు తెలియలేదు.

అసిరి ఎండ వైపు ముఖం తిప్పుతుంది.

"నానే మూయమన్నాను, మర్సిపోనావేటి? ఎచ్చగా ఉండీది. మనిద్దరికీ తెలీలేదు." ఇంకో సీటుకి జరుగుతుంది. "మరి మా నీలకి మాత్రలు ఏస్తన్నావా?"

నీల ఆమె కూతురు. తల్లి పోయాక నా దగ్గరే పెరిగింది. ఈ కార్తీకం నుంచి అదీ పడుకునే ఉంటోంది, మొన్న డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళింది దానినే.

"ఏస్తన్నాను."

"కిటికీ?"

ఈ ఏడు నీల గది కిటికీకీ మట్టి మెత్తాను. డాక్టరమ్మ చెప్పినా తీయలేకపోయాను. చలి తగిలి అది కూడా పోతే?

"అది పోదప్పా. సలేస్తే దుప్పటి కప్పు. కిటికీ తియ్యి." బస్సు మలుపు తిరుగుతుంది, ఎండ తిన్నగా నా కళ్ళలో పడుతుంది, తడిమి చూస్తే పక్క సీటు ఖాళీగా, వెచ్చగా ఉంది.

మెలకువ వచ్చింది. లేచి, అట్లకాడ పట్టుకుని నీల గదిలోకి వెళ్ళాను. ఎండిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది, గోనె లాగేశాను. మంచు పలచబడినట్టుంది, చారెడు వెలుగు వచ్చి చాప పక్కన నేల మీద పడింది.

"ఏటి పెద్దమ్మా, పొద్దున్నే ఈ గోల," అంది నీల.

కళ్ళు తెరవలేదు. దుప్పటితో సహా జానెడు ఇటు, వెలుగులోకి జరిగింది.