బాకీతో సహా

"కరెంటు కెటిల్లో ఎన్ని కప్పులకి నీళ్ళు పోశావు?" అని ముందుగదిలోంచి అడిగాడు ఎమ్లిన్.

రెండు కప్పులకే అన్నాను. నిజానికి మూడు కప్పులకి పోశాను. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో నేను మొగుడితో ఆడిన అబద్ధాలన్నీ ఇంత చిన్నవే. అయినా అతనికి తెలిసిపోతుంది. నీళ్ళు కాగే చప్పుడు వింటూ కూర్చుని, ఎంతసేపు పట్టిందో చూసి, "రెండు కప్పులకి అంతసేపా" అంటాడు. ఇదంతా వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నదే. పెళ్ళైన కొత్తలో నేను వంటగదిలో ఒక దీపం, మెట్ల దగ్గర ఒక దీపం వేశానని మా అత్తగారు బ్లోడ్వెన్, "మొగుడు రోజంతా బొగ్గుగనిలో చీకట్లో పనిచేసి వస్తుంటే నీకు ఇంట్లో రెండు దీపాలు కావాల్సొచ్చాయా" అంది. ఆ మాట నాలో ఎంత లోతుగా దిగిందంటే, గని మూసేసి ఇరవై తొమ్మిదేళ్ళైనా ఇప్పటికీ మెట్లు చీకట్లోనే ఎక్కుతాను. రెండుసార్లు పడ్డాను కూడా.

మా కరెంటు మీటరు మెట్ల కింద అరలో ఉంది. దానికి నీలం రంగు ప్లాస్టిక్ తాళంచెవి ఒకటి ఉంటుంది. కొట్టుకి తీసుకెళ్ళి అందులో డబ్బు వేయించుకుని వచ్చి మీటర్లో పెడితేనే ఇంట్లో వెలుగు. నేను వారానికి పదిహేను పౌండ్లు వేయిస్తే మీటరు పాత బాకీ కింద ఐదు కోసుకుని పదే చూపిస్తుంది. ఆ బాకీ రెండేళ్ళ కిందటి చలికాలానిది. ఎమ్లిన్ ఊపిరితిత్తుల్లో గని దుమ్ము ఇంకా ఉంది, గది వెచ్చగా ఉంచాలన్నాడు డాక్టరు. నేను పొద్దున్నే బడి వంటశాలకి పనికి వెళ్ళిపోతే అతను ఇంట్లో హీటరు ముందు కూర్చునేవాడు. టపా కూడా అతనే అందుకునేవాడు, అతనే విప్పేవాడు. కరెంటు సంగతి మగవాళ్ళ సంగతి అన్నది మా ఇంట్లో ఎవరూ రాయని చట్టం. ఒకరోజు నేను వచ్చేసరికి పాత మీటరు లేదు, దాని చోట కరెంటు కంపెనీవాళ్ళు పెట్టిన తాళంచెవి మీటరు ఉంది. "వాళ్ళ లెక్కలో ఏదో తప్పు" అన్నాడు. వారం తర్వాత, ముఖం గోడవైపు తిప్పుకుని, "తప్పేం లేదు" అన్నాడు.

పోయిన ఫిబ్రవరిలో రెండు మధ్యాహ్నాలు హీటరు ఆగిపోయి అతను కోటు వేసుకుని పడుకున్నాడు. నేను ఆ రెండు రోజులూ నూట ఎనభై మంది పిల్లలకి వేడివేడి బంగాళాదుంపలు వడ్డించి వచ్చి, నా సొంత మొగుడి పాదాలు మంచుగడ్డల్లా ఉంటే నా చేతుల మధ్య పెట్టుకుని రుద్దాను. ఇప్పుడు మళ్ళీ అక్టోబరు వచ్చింది. ఇంకో చలికాలం అలా గడవనివ్వనని నాకు నేను చెప్పుకున్నాను, ఎలాగో మాత్రం తెలియలేదు.

తాళంచెవి సంగతి ఎవరికీ తెలియకూడదని ఎమ్లిన్ షరతు. మా వీధి చివరే కొట్టు ఉంది, అక్కడికి వెళ్ళొద్దన్నాడు. అందుకని ప్రతి సోమవారం కొండ దిగి కింది వీధి కొట్టుకి వెళ్ళేదాన్ని. దిగడానికి ఐదు నిమిషాలు, ఎక్కడానికి పదిహేను. ఆ సోమవారం సగం దూరంలో డిలిస్ ఎదురుపడింది. గని కార్మికుల సమ్మె జరిగిన ఏడాదంతా నేనూ ఆమే ఒకే గరిటెతో వండినవాళ్ళం. ఆమె ఇల్లు కింది వీధిలోనే.

"ఏమే మెన్నా, సోమవారం పూట మా వీధి వైపు నీకేం పనే?" అంది.

"మీ కొట్లో బ్రెడ్డు బాగుంటుంది."

"మా కొట్లో బ్రెడ్డా? దాన్ని ఇంటిగోడకి ఇటుకలా వాడొచ్చు" అని తాళంచెవి పట్టుకున్న నా గుప్పిట వైపు చూసింది. తర్వాత తన కోటు జేబులోంచి నాలాంటి నీలం తాళంచెవే తీసి చూపించింది. "నేను మీ వీధి కొట్టుకి పోతున్నా. మా కొట్లో నన్నెవరూ చూడకూడదని మా ఆయన షరతు."

ఇద్దరం ఆ వాలు రోడ్డు మీదే, ఒకరి భుజం ఒకరం పట్టుకుని నవ్వాం. రెండేళ్ళుగా ఒకరి కంట ఒకరం పడకూడదని ఒకరి వీధికి ఒకరం మోకాళ్ళ నొప్పులతో ఎక్కి దిగుతున్నామన్నమాట. నవ్వుతూ నవ్వుతూ నాకు ఏడుపొచ్చింది.

ఎందుకంటే ఎనభై నాలుగులో ఇలా లేదు. సమ్మె ఏడాది మా గనుల లోయ మొత్తం బాకీలోనే ఉంది. అద్దె బాకీ, కరెంటు బాకీ, పాలవాడికి బాకీ. కరెంటు ఆఫీసు నుంచి వచ్చిన ఎర్ర హెచ్చరిక కాగితాలని కార్మికుల హాలు గోడకి వరసగా అంటించి, ఎవరిది ఎక్కువో చూసుకుని వేళాకోళం ఆడేవాళ్ళం. మాది తొంభై పౌండ్లైతే డిలిస్‌ది నూట పది, దానికి ఆమె మహారాణిలా చేతులూపింది. ఆ హాల్లోనే మేం పదిహేను మంది ఆడవాళ్ళం రోజుకి మూడు వందల భోజనాలు వండాం. ఇరవై మూడేళ్ళదాన్ని, చంకలో పాప కెరిస్. ఎప్పుడూ నోరెత్తని నేను ఒకరోజు కార్డిఫ్ నగరంలో సమ్మె సభలో బల్ల ఎక్కి మాట్లాడాను. ఇంటికొచ్చేసరికి ఎమ్లిన్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. "నువ్వు మాట్లాడుతుంటే హాలంతా చప్పుడు చెయ్యలేదటగా, మా గనిలో పనిచేసే జెఫ్ చెప్పాడు" అన్నాడు. అతని కళ్ళలో నా మీద గర్వం ఉంది. ఆ తర్వాత మళ్ళీ అలాంటి చూపు నేను చూడలేదు. మార్చిలో సమ్మె ఓడిపోయి మగవాళ్ళు బ్యాండు వాయించుకుంటూ గనికి తిరిగి వెళ్ళారు, మేం వీధి పక్కన నిలబడి చప్పట్లు కొట్టి వంటగదులకి తిరిగి వెళ్ళాం. మర్నాడు అత్తగారు, "హమ్మయ్య, ఇకనైనా వాడికి వేళకి తిండి దొరుకుతుంది" అంది. నిజం చెప్పొద్దూ, ఆకలితో గడిచిన ఆ ఏడాదే నా జీవితంలో కడుపు నిండిన ఏడాది. ఎమ్లిన్‌ని నేను ప్రేమించిన ఏడాది కూడా అదే. ఆ మనిషి కోసం ఇప్పటికీ ఇంట్లో వెతుక్కుంటూ ఉంటాను.

"పిచ్చిదానా, నువ్వింకా ఆ పాత కరెంటు కంపెనీలోనే ఉన్నావా?" అంది డిలిస్ కళ్ళు తుడుచుకుంటూ. "నేను వేసవిలో మారిపోయా. వారానికి ఆరు పౌండ్లు మిగులుతున్నాయి."

"బాకీ ఉంటే ఎలా మారతామే?"

"బాకీతో సహా మారతాం. తాళంచెవి మీటరు ఉన్నవాళ్ళకి, బాకీ ఐదు వందలకి తక్కువైతే, అది కూడా వెంటే కొత్తవాళ్ళ దగ్గరికి వచ్చేస్తుంది. నేను నాలుగు వందల ముప్ఫైతో వెళ్ళా, ఎవరూ కాదన్లా. ముందు పాతవాళ్ళకి ఫోన్ చేసి ఎంతుందో, ఎవరి పేరు మీద ఉందో సరిగ్గా కనుక్కో. తర్వాత కొత్తవాళ్ళకి చెయ్యి."

ఆ సాయంత్రం ఎమ్లిన్‌కి చెప్పాను. అతను టీ కప్పు దించకుండానే, "బాకీ ఉన్నవాళ్ళని ఎవడు రానిస్తాడు? ముందు తీర్చాలి, ఆ తర్వాతే కదలాలి" అన్నాడు. కప్పు కింద పెట్టి, "ఇంకో కంపెనీవాళ్ళ ముందు కూడా పరువు తీస్తావా?" అన్నాడు. ఫిబ్రవరిలో కోటు వేసుకుని పడుకున్నప్పుడు పరువు ఎక్కడుందని అడగాలనిపించింది. పళ్ళెం కడుగుతూ అతనన్న మాటే తిప్పి తిప్పి ఆలోచించాను. బాకీ ఉన్నవాళ్ళు కదలకూడదు. నేను కూడా ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నాను. అతను పద్నాలుగేళ్ళు భూమి కిందికి దిగాడు, నా కోసం ఊపిరి పోగొట్టుకున్నాడు, కాబట్టి నేను అతనికి బాకీ. అందుకే కెటిల్ గురించి జవాబు చెప్పాలి, మెట్లు చీకట్లో ఎక్కాలి. నా జీతం, నా వంట, నా చేతుల్లో వెచ్చబడ్డ అతని పాదాలు, ఇవేవీ ఆ బాకీలో జమ కాలేదు.

బుధవారం బడి సగం పూటే. మధ్యాహ్నం రెండింటికి ముందుగదిలో, అతని ఎదురుగానే కూర్చుని పాత కంపెనీకి ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది. ఇంటి చిరునామా చెప్పాను. "ఖాతాదారు మీరేనా అండీ?" అని అడిగింది.

"కాదమ్మా, ఉండు, మా ఆయన్ని పిలుస్తా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఇన్నేళ్ళలో అలాంటి ప్రతి ఫోనుకీ నేను చెప్పిన జవాబు అదే. ఎమ్లిన్ ఫోను కోసం చెయ్యి చాపాడు కూడా.

"మీ పేరు?"

"మెన్నా ప్రోసర్."

"మరైతే ఖాతాదారు మీరే అండీ. శ్రీమతి ఎం. ప్రోసర్, పంతొమ్మిది వందల ఎనభై ఐదు ఏప్రిల్ నుంచి మీ పేరు మీదే ఉంది. ఇంకెవరి పేరూ లేదు. బాకీ మూడు వందల ఎనభై ఆరు పౌండ్లు."

అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, పాత ఇంటి తొంభై పౌండ్ల బాకీ ఎమ్లిన్ పేరు మీద ఉండిపోయింది. ఆ పేరుకి కరెంటు ఇవ్వం అన్నారు కరెంటు ఆఫీసువాళ్ళు. అతను నన్ను పంపాడు. కెరిస్‌ని కౌంటరు మీద కూర్చోబెట్టి ఏదో కాగితం మీద సంతకం పెట్టాను. ఆ తర్వాత ఆ కాగితం సంగతే మర్చిపోయాను. వచ్చిన ప్రతి ఉత్తరం మీదా నా పేరే ఉండి ఉంటుంది, రెండేళ్ళ కిందటి ఆ హెచ్చరికల మీద కూడా. నా పేరు మీద వచ్చిన ఉత్తరాలని నేను చూడకుండా విప్పి, దాచి, నన్నే నీళ్ళెన్ని పోశావని అడిగాడు.

ఫోను పెట్టేసి, "నా పేరు మీద ఉందని నీకు తెలుసా?" అన్నాను.

ఎమ్లిన్ తలెత్తలేదు. "తెలుసు. అదొక కాగితమే కదా."

"ఆ ఉత్తరాలు నాకెందుకు చూపించలేదు?"

హీటరు వైపు చూస్తూ అన్నాడు. "నువ్వు బడిలో అరవై కిలోల దుంపలు మోసి వస్తావు. హీటరు ముందు కూర్చుని బాకీ చేశానని నీకెలా చెప్పను?" అతను సిగ్గుపడ్డాడని నాకు అర్థమైంది. జాలి కలిగింది కూడా. కానీ అతని సిగ్గంతా నా పేరు మీద రాసి ఉంది, ఆ సంగతి అతనికీ తెలుసు, కంపెనీవాళ్ళకీ తెలుసు, నాకే తెలియదు. ఆ కోపం ఆ జాలికి తగ్గలేదు.

కొత్త కంపెనీకి ఫోన్ చేశాను. ఈసారి ఒక అబ్బాయి. పేరడిగితే తడుముకోకుండా చెప్పాను. బాకీ ఎంతో కూడా నేనే చెప్పాను, ఒక్క పెన్నీ తగ్గించకుండా. వారానికి ఐదు కోస్తే చలికాలం గడవదు, మొగుడికి ఊపిరితిత్తుల జబ్బు, మూడే కట్టగలను అన్నాను. అతను ఏదో చూసుకుని సరే అన్నాడు. మూడు వారాల్లో కొత్త తాళంచెవి వస్తుందన్నాడు. ఇంత చిన్న పనికి రెండేళ్ళు ఆగానా అనిపించింది.

"చివరగా ఒక్క మాట అండీ" అన్నాడు ఆ అబ్బాయి. "ఈ ఖాతా గురించి మీ తరఫున మాతో మాట్లాడటానికి ఇంట్లో ఇంకెవరి పేరైనా రాసుకోమంటారా? చాలామంది భర్త పేరు రాయిస్తారు."

ఎమ్లిన్ వింటున్నాడు. కుర్చీలో కాస్త ముందుకి జరిగి నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో గర్వం కోసం ఒక్క క్షణం వెతికాను. ఉందో లేదో చెప్పలేను, ఇప్పుడు దాని కోసం ఆగే తీరికా లేదు.

"వద్దు బాబూ" అన్నాను. "బాకీ నాది. నేనొక్కదాన్నే మాట్లాడతాను."