పై కార్డు

చర్చి ఊడ్చి, చీపురు తలుపు వెనక నిలబెట్టి, రూతమ్మ వాగ్దాన కార్డుల ముందు కూర్చుంది. ఫినాయిలుకు పగిలిన వేళ్లు, మోకాలి మీద అతుకు చీర. రేపు జనవరి ఒకటి. ఉదయం ఆరాధనలో ప్రతి ఒక్కరూ స్టీలు పళ్లెంలోంచి ఒక కార్డు తీస్తారు. దాని మీది వాక్యమే ఆ యేటికి దేవుడి మాట. వెదికి తీస్తే విశ్వాసం లేనట్టని అందరూ పైదే తీస్తారు. ఇరవై ఆరేళ్లుగా ఈ పెనుకొండ చర్చిలో పళ్లెం పట్టుకుని బెంచీల మధ్య తిరిగేది రూతమ్మే. చివర మిగిలే కార్డు ఆమెది.

అవతల సంఘపెద్ద కదిరప్ప, పాస్టరు క్రాంతి కుమార్‌తో వాదిస్తున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

“అంతా దేవుడు ముందే నిర్ణయించినాడయ్యా. లేకుంటే పోయినేడు ధర్మవరం శ్రీదేవి చేతికే బిడ్డల వాక్యం యాడ్నుంచి వచ్చె? ఇప్పుడు సంకలో బిడ్డ లేదా?”

“ఎంచుకునే స్వేచ్ఛ మనిషికి ఇచ్చింది కూడా ఆయనే కదన్నా.”

కదిరప్ప వెళ్లేదాకా ఆగి, రూతమ్మ పాస్టరు దగ్గరికి వచ్చింది.

“అయ్యా, ఆ కార్డు దేవుడు పంపలే. ఆ యమ్మ ఏడుస్తాంటే చూడలేక నేనే పైకి జరిపితిని. యేటేటా ఎవురికో ఒకరికి జరుపుతాండా. రేపు కదిరప్పన్నకు వెలుగు వాక్యం ఇద్దామనుకుంటి. కండ్ల ఆపరేషన్‌కు హిందూపురం పోవాల, లోపల్లోపల బయపడ్తాండాడు. దేవుని పనిలో ఏలు పెట్టినా. నన్ను నీతిమంతుల్లో చేర్చుకుంటాడా ఆయన?”

కదిరప్పతో వాదనలో ఎన్నడూ గెలవని పాస్టరుకు ఇది గెలిపించే మాటే. అయినా సంతోషం కలగలేదు.

“ఇంక అట్ల చేయొద్దవ్వా. ఈసారి బాగా కలిపి పెట్టు,” అన్నాడు.

రూతమ్మ కళ్లు మూసుకుని మూడుసార్లు కలిపింది. పళ్లెం మీద గుడ్డ కప్పి ఇంటికి పోయింది.

తెల్లారేసరికి ఆమె లేదు. నిద్రలోనే పోయిందని పక్కింటివాళ్లు వచ్చి చెప్పారు. సమాధి సాయంత్రం అనుకున్నారు; ఆరాధన ఆపలేదు.

ఆమె అడిగినదానికి జవాబు చెప్పలేదని పాస్టరుకు అప్పుడు తట్టింది. గుడ్డ తీసి కార్డులన్నీ వెదికాడు. వెలుగు వాక్యం ఎక్కడో అడుగున దొరికింది. దాన్ని పైన పెట్టి, పళ్లెం తానే పట్టుకుని మొదటి బెంచీ దగ్గరికి నడిచాడు.

అందరికన్నా ముందు కూర్చున్న కదిరప్ప కార్డు తీసి, కళ్లకు ఆనించుకుని అక్షరమక్షరం చదివాడు.

“చూసినావా అయ్యా? ముందే రాసిపెట్టినాడు.”

“అవునన్నా,” అన్నాడు పాస్టరు.

ఆరాధన ముగిసింది. జనం రూతమ్మ ఇంటికి బయల్దేరారు. బల్ల మీద స్టీలు పళ్లెంలో ఒక కార్డు బోర్లా ఉండిపోయింది.