పుచ్చుకున్న నొప్పి

బేకరీ మాస్టరు తెల్లారకముందే వెళ్ళి పిండి పిసికేవాడు. అతను బయల్దేరాక భార్య పదేళ్ళ కూతురికి జడ వేసి, బడికి పంపి, కుట్టుమిషను ముందు కూర్చునేది.

నొప్పి ఉన్నచోట అరచెయ్యి ఆనిస్తే చాలు, ఎవరి నొప్పైనా ఆమెకి వచ్చేసేది. మేడమీది ముసలావిడ పెళ్ళిళ్ళకి వెళ్ళేముందు, "అమ్మాయ్, నా మోకాళ్ళు సాయంత్రం దాకా ఉంచుకుంటావా?" అని అడిగి, వచ్చాక మళ్ళీ అదే అరచెయ్యి ఆనించుకుని మర్యాదగా తీసుకెళ్ళేది.

ఒకరోజు మాస్టరుకి కుడి డొక్కలో పోటు మొదలైంది.

"ఇలా ఇవ్వండి," అంది ఆమె.

"నీ కుట్టుపని పాడవుతుందే."

"నాది కూర్చుని చేసే పనేగా. బస్తాలెత్తేది మీరు."

పదిరోజులు రోజూ ఇచ్చాడు. అసలే షుగరు మనిషి. ఒళ్ళు కాలితే పొయ్యి సెగ అనుకున్నాడు. వణుకు పుడితే చెమట ఆరి అనుకున్నాడు. పోటు నానాటికీ పెరుగుతున్నా, ఆమె పళ్ళబిగువున ఓర్చుకుంది.

పదకొండోరోజు అతని కుడికంటికి పొగ కమ్మింది. పిండి పడిందేమోనని ఎంత కడిగినా పోలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అతని పక్కటెముకల కింద నొక్కింది.

"నొప్పిగా ఉందా?"

"లేదండీ."

పక్కన నిలబడ్డ భార్య కెవ్వుమంది.

డాక్టరమ్మ ఆమెవైపు తిరిగింది. "ఎన్నాళ్ళుగా మీ దగ్గరుందమ్మా?"

"పదిరోజులండీ."

"ఆయన దగ్గరే ఉండనిస్తే రెండోరోజే పరిగెత్తుకొచ్చేవారు."

మెల్లగానే అంది. కోప్పడినా బాగుండేది.

కాలేయంలో చీముగడ్డ. గొట్టం వేసి చీము తీశారు, మందులెక్కించారు. కానీ అందులోని క్రిములు అప్పటికే నెత్తురులో కలిసి కంటికీ, ఊపిరితిత్తులకీ, మెదడుకీ పాకాయి. కన్ను పోయింది. నాలుగోరోజుకి మాట ముద్దగా వచ్చింది.

"నాది నాకిచ్చెయ్యవే. పోతూ పోతూ కూడా నీమీదే వదిలేసి పోనా?"

ఆమె రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. మర్నాడు మధ్యాహ్నం అతను పోయాడు. పోటు మాత్రం ఆమె డొక్కలోనే ఉండిపోయింది.

మూడునెలల తర్వాత కూతురు బడినుంచి పొట్ట పట్టుకుని వచ్చింది.

"అమ్మా, చెయ్యి వెయ్యవే!"

చెయ్యి దానంతటదే లేచింది. ఆమె గుప్పిట బిగించింది. "ఎక్కడో నువ్వే చూపించు. పద, ఆసుపత్రికి."

"నాన్నది తీసుకున్నావుగా! నాది తీసుకోవా? నేనంటే ఇష్టం లేదా?" బస్సులో దారంతా పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె తన చేతులమీద తానే కూర్చుంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"అపెండిక్స్. ఇంకో పూట ఆగితే పగిలిపోయేది. సమయానికి తెచ్చారు," అంది డాక్టరమ్మ.

ఆపరేషనయ్యి మెలకువ వచ్చాక, పిల్ల తల్లిని చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. తల్లి చెయ్యి పిల్ల పొట్టమీది కుట్లవైపు వెళ్ళబోయి ఆగింది. దుప్పటి అంచు పట్టుకుని, వేళ్ళు తగలకుండా, పిల్ల భుజం దాకా కప్పింది.