కుడిచేతి పచ్చడి

వగియెమ్ బాత్రూములో జారిపడి ఎడమ భుజం విరగ్గొట్టుకుంది. మదియున్ పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, చేతిని పొట్టకు అదిమి కట్టి ఇంటికి పంపారు.

మొదట్లో కోడలు లాస్త్రి ఆమెను కడిగేది. తలముసుగు అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దూరం నుంచి డబ్బాతో నీళ్ళు విసిరేది.

"ఇంకాస్త వంగు అత్తా. నాకేమన్నా సరదానా?"

అక్కడితో ఆగితే వగియెమ్ భరించేదే. వీధిగుమ్మంలో వాళ్ళ పెచెల్ బల్ల ఉంది. ఉడికించిన ఆకుకూరల మీద వేరుశెనగ పచ్చడి వేసి, అన్నంతో పొట్లం కట్టి అమ్ముతారు. కొనడానికి వచ్చినవాళ్ళకు, అత్త ఎలా వంగిందో లాస్త్రి వంగి మరీ చూపించేది. లోపల మంచం మీదికి ఆ నవ్వులు వినిపించేవి.

"రేపట్నుంచి నేనే కడుక్కుంటాలే" అంది వగియెమ్.

కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి, కొసను గోడ మేకుకు కట్టుకుంది. వీపుకు వెదురుపుల్లకు చుట్టిన తడిగుడ్డ. ఎడమ చంకలోకి ఏదీ దూరేది కాదు, అక్కడ చెమటకు ఒరిసి పుండు పడింది. ఇక మిగిలిన పని, పుట్టినప్పట్నుంచీ ఎడమ చేతిది. ఇప్పుడు కుడి చెయ్యే చెయ్యాలి. అన్నం తినే చెయ్యి. కొడుకు గునాది పనికి పోయేముందు వంగి నుదుటికి ఆనించుకునే చెయ్యి. మొదటిరోజు ఆ గొట్టం కిందే ఏడ్చింది. సబ్బు, నిమ్మచెక్క, బూడిద, మళ్ళీ సబ్బు. తోలు లేచి మండితే గాని శుభ్రమైనట్టు తోచేది కాదు.

ఏ చేత్తో కడుక్కుంటున్నావని లాస్త్రి ఎన్నడూ అడగలేదు. అడిగితే తనే కడగాల్సి వస్తుంది.

లాస్త్రి నూరిన పచ్చడి నోట పెట్టలేక సగంమంది ఎదురుసందులోని ఇంకో పెచెల్ బల్లకు మళ్ళారు.

"నువ్వు నూరు అత్తా, నేనే నూరానని చెబుతా. రోగిష్టి చెయ్యంటే ఎవరు కొంటారు?"

వగియెమ్ ఒప్పుకుంది. ఆ బల్ల పెట్టింది తను. దాని వెనకాల పీట మీద మళ్ళీ కూర్చోవాలన్నదొక్కటే ఆమె ఆశ. అందాకా జనం చెదిరిపోకూడదు. పొద్దున్నే వంటింట్లో, రోలును పాదాల మధ్య అదిమిపట్టి, ఒంటిచేత్తో నూరేది.

కాస్త ఓపిక రాగానే, కట్టుతోనే వచ్చి పీట మీద కూర్చుంది. పచ్చడి ముద్దలో వేడినీళ్ళు పోసి వేళ్ళతో కలపసాగింది.

"వచ్చావా అక్కా!" అంది పక్కింటి రుకాయా. "ఇక లే లాస్త్రీ, పోయి అంట్లు తోముకో. అసలు మనిషి వచ్చేసింది."

అందరూ నవ్వారు. లాస్త్రి మొహం మాడిపోయింది. ఇన్నాళ్ళూ పచ్చడి నూరింది తనేనని ముసలిది తన నోటితో చెప్పుకోదులే అనుకుంది.

"అత్తా, ఎడమ చెయ్యి కట్టేసే ఉందిగా" అంది తియ్యగా. "మరి పొద్దున దొడ్డికెళ్ళి ఏ చేత్తో కడుక్కున్నావు?"

నవ్వులు ఆగిపోయాయి. రుకాయా పచ్చడిలో ఉన్న వేళ్ళను చూసింది. చేతిలో పొట్లం మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

"ఇంట్లో కూరుంది, మర్చేపోయాను."

అప్పుడే పనికి బయల్దేరిన గునాది తల్లి ముందు వంగాడు. చెయ్యి అందుకోబోయి ఆగాడు. ఉత్తినే తల వంచి, బండెక్కి వెళ్ళిపోయాడు.

ఇక వగియెమ్‌కు దాచుకోవలసిందేమీ మిగల్లేదు.

"ఈ చేత్తోనే" అంది, అందరికీ వినపడేలా. "ఇన్నాళ్ళూ నువ్వు వేళ్ళు నాకి నాకి తిన్న పచ్చడి ఎవరు నూరారనుకున్నావు రుకాయా? దీని అరచేతులు చూడు, ఎక్కడన్నా కాయ కాసిందా?"

"అబద్ధం!" అంటూ లాస్త్రి చేతులు వెనక్కి దాచుకుంది. ఒకావిడ కాలవ దగ్గరికి పరిగెత్తి ఉమ్మింది.

మధ్యాహ్నానికి ఆకుకూర నల్లబడింది. ఒక్కరూ రాలేదు. ఎదురుసందు బల్ల దగ్గర జనం మలుపుదాకా నిలబడ్డారు.

వగియెమ్ రెండు టేకాకుల్లో అన్నం పెట్టి, పచ్చడి చేత్తోనే తీసి వేసింది.

"తిను. ఇక మనమిద్దరమే తినాలి."

"నాకొద్దు."

"నిన్నటిదాకా మారు వడ్డించుకుని మరీ తిన్నావుగా."

లాస్త్రి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వగియెమ్ ఐదు వేళ్ళతో ముద్ద కలిపి, కోడలి మొహంలోకే చూస్తూ తీరిగ్గా నమిలింది. ఉప్పూ కారం సరిగ్గా కుదిరాయి.