బొటనవేలి మీది బుడిపె

తొమ్మిదో ఈక అడుగున ఆకురాయి ఆనించి, ఊపిరి బిగబట్టి, లోరెంట్స్ ఓర్టెల్ మెల్లగా లాగాడు. కంచుపొడి బంగారురంగులో అతని మోకాళ్ళ మీద రాలింది. అచ్చు ముక్కలు కలిసిన చోట పోత మీద సన్నని గీత మిగులుతుంది. అది కంటికి కనబడకుండా, వేలికి తగలకుండా చెరపడమే అతని పని. న్యూరెంబర్గ్‌లోని ఆ పోతశాలలో ముప్ఫై నాలుగేళ్ళుగా అదే చేస్తున్నాడు. ఎందరో రాజులు, వీరులు, వాళ్ళ గుర్రాలు అతని చేతుల మీదుగా ఊళ్ళ కూడళ్ళకు వెళ్ళిపోయారు. అతను మాత్రం రోజూ అదే సందులోంచి ఇంటికి వెళ్ళేవాడు.

ఈసారి విగ్రహం డెడాలుస్‌ది. చెరసాల నుంచి తప్పించుకోవడానికి కొడుక్కి మైనంతో అతికిన రెక్కలు కడుతున్న, గ్రీకు పురాణ కథలోని పనివాడు. మనిషికి రెండింతల ఎత్తు. కొడుకు ఆకాశంకేసి చూస్తుంటాడు, తండ్రి తలవంచి ముడి వేస్తుంటాడు. ఎండకు మైనం కరిగి ఆ కొడుకు సముద్రంలో పడతాడని లోకమంతటికీ తెలుసు, ఆ తండ్రికి తప్ప. పొద్దున్నే విగ్రహం మీది గుడ్డ తీసినప్పుడల్లా లోరెంట్స్ కాసేపు పని మొదలుపెట్టలేకపోయేవాడు. చర్చిలో నిలబడ్డట్టు నిలబడిపోయేవాడు.

మేస్త్రీ వచ్చి కింద నుంచి చూశాడు.

"ఓర్టెల్, తండ్రి కుడిచేతి బొటనవేలి మీద ఏదో బుడిపె ఉంది. పోత సరిగా దిగినట్టు లేదు. భోజనాల వేళకి అరగదీసెయ్."

"సరే మేస్త్రీ."

లోరెంట్స్ విగ్రహం పక్కన కట్టిన పరంజా పలక మీదికెక్కాడు. కణుపు దగ్గర బుడిపె, రెండుగా చీలిన గోరు, బయటికి ఒరిగిన కొస. దాని మీద ఆకురాయి ఆనించాడు. పక్కనే తన బొటనవేలు కనిపించింది. ఇరవై ఏళ్ళ కిందట గొలుసులో పడి నలిగిన వేలు. అదే బుడిపె, అదే చీలిక. చెయ్యి ఆగిపోయింది.

"ఏం ముసలోడా, దేవుళ్ళతో కరచాలనం చేస్తున్నావా?" కొలిమి దగ్గర నుంచి హైనర్ కేకేశాడు. పోత పోసేది అతనే.

"ఒకసారి పైకి రా."

హైనర్ వచ్చి ఆ వేలునీ ఈ వేలునీ చూశాడు. మళ్ళీ చూశాడు.

"నీదేనయ్యా ఇది," అన్నాడు నెమ్మదిగా.

మధ్యాహ్నం మేస్త్రీ మళ్ళీ వచ్చేసరికి బుడిపె అలాగే ఉంది.

"చెప్పింది వినబడలేదా?"

"శిల్పిగారిని అడిగి తీస్తాను," అన్నాడు లోరెంట్స్. చెప్పిన పని వెంటనే చేయకపోవడం అతనికి అదే మొదటిసారి.

శిల్పి ఆల్బన్ రోట్ వచ్చి, కోటు విప్పకుండానే పలకెక్కాడు.

"ఇది తీసేస్తే ఈయన పనివాడు కాకుండా పోతాడు, ఓర్టెల్. పోయిన శీతాకాలం మీరు పని చేస్తుంటే, ఆ మూల కూర్చుని మూడు రోజులు మీ చేతులు గీసుకున్నాను. మిమ్మల్ని అడగాల్సింది. తప్పు నాదే."

తన చేతులను అంతసేపు ఒకరు చూశారన్నదే లోరెంట్స్‌కు నమ్మశక్యం కాలేదు.

"ఎవరికీ చెప్పకండి అయ్యగారూ," అన్నాడు చివరికి. "మా ఇంటిదానికి మాత్రం చెప్పుకుంటాను."

ఆ బొటనవేలి చుట్టూ ఉన్న గీతను సాయంత్రం నాలుగింటి దాకా చెరిపాడు. బుడిపెను ముట్టుకోలేదు. చివరి గీత పోయాక కిందికి దిగి, దిమ్మెకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఇవాళ నీకు నేను పోయిస్తా," అని హైనర్ వీధి చివరికి వెళ్ళాడు. మూత ఉన్న మట్టి ముంతలో బీరు తెచ్చి పక్కన పెట్టి, మూత తెరిచి, "తాగు" అన్నాడు. లోరెంట్స్ గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. హైనర్ భుజం కదిపాడు. తర్వాత టోపీ తీసి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

కబురందుకుని భార్య బార్బరా వచ్చింది. ఏడవలేదు. ఆయన పక్కన కూర్చుని, నుదుటి మీది కంచుపొడి తుడిచింది. హైనర్ ఆమెను చెయ్యిపట్టి పలకెక్కించి, ఆ బొటనవేలు చూపించాడు. చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె చీలిన గోటి మీద వేలు పెట్టింది.

"ఆదివారం ఆదివారం ఇది నేనే కత్తిరించేదాన్ని," అంది. "కదలకుండా కూర్చునేవాడు కాదు."

కింద దిమ్మె పక్కన, నురగ అణిగిన మట్టి ముంత తెరిచిన మూతతో అలాగే నిండుగా ఉంది.