ఎడమ పక్క నట్టు

పాత కొట్టం వెనక నుంచి అర్విద్ క్వామ్ బయటికి లాగేసరికి నాన్న బండికి తొట్టి లేదు, పలకలు లేవు. రెండు ఇరుసులు, నాలుగు చెక్క చక్రాలు, వాటిని కలిపే పొడుగాటి దూలం మాత్రం మిగిలాయి. ముందు ఇరుసు చేత్తో నలిపితే పొడి రాలుతోంది.

చలికాలమంతా అతను దాని పనిలోనే ఉన్నాడు. ఓక్ దుంగ చెక్కి కొత్త ఇరుసు చేశాడు. పాతదాని కొసలకున్న, నట్టు ఎక్కే మరలున్న ఇనప తొడుగులు ఊడదీసి, తుప్పు గీకి, కొత్తదానికి ఎక్కించాడు. చక్రాల పట్టాలు కాల్చి బిగించాడు. పైన కొత్త పలకలు పరిచి, అన్నిటికీ ఎర్ర రంగు వేశాడు. ఇదంతా అక్క బోర్గిల్డ్ కోసం. ఎనభై రెండేళ్ల ఆ మనిషి వృద్ధాశ్రమంలో ఉంటోంది. నూర్పిళ్ల పండగ ఊరేగింపులో నాన్న బండెక్కి వస్తానంది. చక్రాల కుర్చీలో తోసుకెళ్తామంటే మాత్రం గడప దాటనంది.

ఊరేగింపు శనివారం. మంగళవారం పొద్దున తోలి చూద్దామని నేస్తం డెల్మర్ తన రెండు గుర్రాలను తెచ్చి కట్టాడు. ఊరేగింపు పెద్ద కూడా అతనే. పాలకేంద్రం మలుపు దగ్గర ముందు ఎడమ చక్రం ఊడి, దొర్లుకుంటూ పోయి, మొక్కజొన్న చేలో పడింది.

"ఏరా, నీకంటే నీ చక్రానికే తొందరగా ఉన్నట్టుందే!" అన్నాడు డెల్మర్.

"చక్రం లోపల చెక్క పుచ్చిపోయి ఉంటుంది," అన్నాడు అర్విద్ చిరాగ్గా.

"పుచ్చిందని నువ్వే అంటున్నావుగా. అయితే ఆ చక్రాల మీద మనుషుల్ని ఎక్కించడానికి వీల్లేదు. ఖాళీ బండి తోలుకో. లేదా కారు చక్రాలు తగిలించు."

నాన్న బండికి కారు చక్రాలు! అర్విద్ చక్రం కోసం చేలోకి దిగాడు.

మర్నాడు అక్క గదిలో కాఫీ తాగుతూ సంగతి చెప్పాడు. బోర్గిల్డ్ రుబార్బ్ కేకు ముక్క నములుతూ వింది.

"నట్టు సరిగ్గా బిగించావా?"

"ఒంట్లో బలమంతా పెట్టి బిగించానే," అంటూ చేతిలో ఫోర్కును పానాలా కుడికి తిప్పి చూపించాడు.

ఆమె నమలడం ఆపింది. "అది కుడి పక్క నట్టు తిప్పుడురా."

"అటు తిప్పితేనే కదా అది బిగిసింది!"

"ఎడమ పక్కది అలా బిగియకూడదు. నాకు పన్నెండేళ్లప్పుడు కందెన పెట్టి అటే తిప్పితే, నాన్న అదే పానాతో నా వేళ్ల మీద ఒకటిచ్చాడు. ఎడమ చక్రం నట్టు ఎడమకే బిగియాలి. అప్పుడే బండి ముందుకు పోయేకొద్దీ దానంతటదే బిగుసుకుంటుందన్నాడు. అప్పటికి నీకింకా పళ్లే రాలేదు."

అర్విద్ ఫోర్కు కింద పెట్టాడు. నిన్న మలుపు దగ్గర చూసినప్పుడు వెనక నట్లు రెండూ కదల్లేదు. ముందు కుడిది ఎడమకి తిప్పితేనే బిగిసింది, అది కూడా రెండు చుట్లు వదులైంది. కళ్లారా చూసి కూడా, కొత్త చెక్క ఎండుతోందిలే అనుకున్నాడు. తొడుగులు రెండూ బల్ల మీద పక్కపక్కనే ఉన్నప్పుడు ఏది ఎటుదో గుర్తు పెట్టలేదు. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ ఎక్కించాడు.

"ఎవరితోనూ అనకే. రెండ్రోజుల్లో మార్చేస్తాను."

"అనకపోతే డెల్మర్ నన్నెక్కనిస్తాడా? చక్రం పుచ్చిందని చాటింది నువ్వేగా!"

నలభై ఏళ్లుగా చుట్టుపక్కల ఎవరి బండి మూలిగినా అర్విద్ దగ్గరికే తెచ్చేవాళ్లు. తొడుగులు మార్చడానికి అతనికి రెండు రోజులు పట్టింది. తప్పు తనదేనన్న ఆ ఒక్క మాటకు నోరు పెగలడానికి అంతకంటే ఎక్కువే పట్టేది, కానీ శుక్రవారం వచ్చేసింది. పొద్దున్నే కాఫీ కొట్టుకి వెళ్లాడు. డెల్మర్‌తో పాటు ఇంకో నలుగురున్నారు.

"చక్రం బాగానే ఉంది," అన్నాడు నిలబడే. "తొడుగులు కుడిఎడమలు చేసింది నేనే."

డెల్మర్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఇంకోసారి చెప్పు. వెనకున్న వాళ్లకి వినపళ్లేదు."

అర్విద్ ఇంకోసారి చెప్పాడు, ఈసారి గట్టిగా. నవ్వులు ఆగాక డెల్మర్ టోపీ తీసుకుని లేచాడు.

"పద, చూద్దాం."

ఇద్దరూ ఐదు మైళ్లు తోలారు. తిరిగొచ్చాక డెల్మర్ ఎడమ నట్టుకి పానా వేసి, విప్పడానికి కాలితో తొక్కాల్సి వచ్చింది. చేతులు తుడుచుకున్నాడు.

"తీసుకురా మీ అక్కని."

శనివారం బోర్గిల్డ్ తలకి రుమాలు కట్టుకుని గడ్డిమోపు మీద కూర్చుంది. దారి పొడుగునా జనం కేకలు. "కుడికా, ఎడమకా, అర్విద్?" అర్విద్ మెడ ఎర్రబడింది కానీ పగ్గాలు వదల్లేదు. పాలకేంద్రం మలుపు రాగానే ఆమె అతని వీపు మీద తట్టింది.

"ఆపు. దిగి చూడు."

"ఇంతమందిలోనా?"

"ఇంతమందిలోనే."

అతను దిగి ఎడమ చక్రం నట్టుకి పానా వేశాడు, ఎడమకి తిప్పి చూశాడు. నట్టు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"ఊఁ, ఇక పోనీ," అంది బోర్గిల్డ్.